విద్యార్థి వేతనములు – నిరీక్షణకాలము

విద్యార్థిని పోషించుట మన యాంధ్రదేశమున నూతనాచారము కాదు. క్రీ. శ. 1261 నాటి మల్కాపుర శాసనమును జూచిన నీ సంగతి స్పష్టమగును. కాకతీయ రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యులకు గ్రామదానము జరుగగా, ఆ యాదాయముచే ఆలయమును, మఠమును, విద్యాశాలయు, అన్నసత్రమును, ప్రసూతిశాలయు, ఆరోగ్యశాలయు నడుపబడెను. చదువు చెప్పు చోటనే అన్నము పెట్టు ఏర్పాటును ఉండెను. ఆ విద్య అన్ని కులములవారికిని అందినది కాదనుటయు సత్యమే. అయినను చదువును అన్నమును ఏకకాలమున నుండవలయునను మర్మమును ఆ దాత లెఱిగిరి. ఈ సంచికయందు మేము సంఘీయులకు విన్నవింపదలచిన విషయమునకు ఇదియే మూలము.

ఆంగ్లప్రభుత్వకాలమున ఈ పద్ధతి మాఱెను. 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. ముందు పరీక్ష, పిదప ఫలితము, ఆ పిదప వేతనము. ఈ మూడింటి నడుమ నిరీక్షణకాల మనునది క్రొత్తగా పుట్టెను. ఫలితములు ఫోర్టు సెంటు జార్జి గెజెట్టునందు ప్రకటింపబడెడివి. పల్లెయందలి బాలుడు పట్టణమునుండి జాబు వచ్చువఱకు తపాలావాని త్రోవ చూడవలసినదే.

విదేశవిద్య విషయమున ఈ నిరీక్షణము మఱింత దీర్ఘమైనది. 1868లో గవర్నరు జనరలు సర్ జాన్ లారెన్సు, మన విద్యార్థులు ఇంగ్లండున చదువుటకై సంవత్సరమునకు 200 పౌనుల వంతున తొమ్మిది వేతనముల నేర్పఱచెను గాని, స్వల్పకాలముననే అవి నిలిచిపోయెను. ఆ కాలముననే గిల్‌క్రిస్టు ధర్మనిధివారి వేతనములు మొదలయ్యెను. హైదరాబాదున కళాశాలను నెలకొల్పిన అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు, అనగా సరోజినీదేవిగారి తండ్రి, ఆ వేతనముతోడనే ఎడింబరోయందు విద్య నేర్చిరి. అనంతరము వంగదేశీయుడగు ప్రఫుల్లచంద్రరాయలు ఆ పరీక్షకు గోప్యముగా సిద్ధపడెను. తండ్రి ఋణగ్రస్తుడు, తోడివారిలో పరిహసించినవారును గలరు. మాసములు గడచినను ఫలితము తెలియదయ్యెను. తుదకు వార్తాపత్రికవలన తెలిసినది, దేశమంతటినుండి ఎన్నికైనవా రిద్దఱే యని: ఒకడు బొంబాయి పార్సీ యువకుడు, రెండవవాడు తాను. 1882లో ఆయన ఓడ నెక్కెను. తరువాత రసాయనశాస్త్రమున ఆయన గడించిన కీర్తి లోకవిదితము.

మన సీమకు సన్నిహితమైన ఉదాహరణము కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1880లో చిత్తూరు చెంత జన్మించిన ఈ మహాశయుడు చెన్నపురి క్రైస్తవ కళాశాలయందు చదువుచుండగనే, మన అనంతపురసీమలోని బుక్కరాయసముద్రపు చెఱువుకట్టకై ప్రాణమర్పించిన ముసలమ్మ కథను కావ్యముగా రచించి పోటీయందు బహుమాన మందెను. పిదప భారతప్రభుత్వపు వేతనముతో కేంబ్రిడ్జికి పోయి, తరువాతి కాలమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ ఉపాధ్యక్షు డయ్యెను.

విజయము నందినవారి పేర్లు ఇట్లు చరిత్రకెక్కును. కాని వేచియున్న కాలమున వారి కెవ్వరు అన్నము పెట్టిరి? ఈ ప్రశ్నమే మనకు ముఖ్యము.

శ్రీనివాస రామానుజముగారి చరిత్రమును విచారింపుడు. కుంభకోణము కళాశాలలో లభించిన వేతనము, గణితము తప్ప తక్కిన పాఠములయందు వెనుకబడుటచే పోయెను. 1905లో ఆయన ఇల్లు విడిచి విశాఖపట్టణమువఱకు పోయెను. చెన్నపురి విశ్వవిద్యాలయమువారు నెలకు 75 రూపాయల పరిశోధక వేతన మొసగినది 1913లో. ఈ యెనిమిదేండ్ల మధ్యకాలమున పట్టము లేదు; అందు చాలకాలము పదవియు లేదు. అప్పుడు నెల్లూరు కలెక్టరుగా నుండిన దివాన్ బహదూర్ రామచంద్రరావుగారు నెలకు 25 రూపాయలు తమ సొంతధనమునుండి కొంతకాల మిచ్చిరి. ఆ స్వల్పధనము లేకున్న, 1913 నాటి గొప్ప వేతనము నందుకొనుటకు ఆ మేధావి నిలిచియుండునా?

ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతియు నిట్టిదే. 1923లో ఆయన అమెరికాలోని హార్వర్డునకు వైద్యశాస్త్రాధ్యయనమునకై పోయినప్పుడు ఊతమిచ్చినవి రెండు: కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి, మామగారు సమకూర్చిన ధనము. ఆయన పరిశోధనలవలన వెలువడిన ఔషధములు నేటికిని రోగులను రక్షించుచున్నవి. ఓడవ్యాపారమున ఆర్జించిన ధనమును ధర్మమునకు విడిచిన యొక పుణ్యపురుషుని నిధి, తా నెఱుగని దేశములవారికి సయితము ప్రాణదాన మొనర్చినది.

ఇక మన తనకల్లు ప్రాంతమును గూర్చి. కదిరి తాలూకా 1910 వఱకు కడప మండలమున నుండి, పిదప అనంతపురమున చేరినది; 2022 నుండి మనము శ్రీ సత్యసాయి జిల్లావారము. 1915లో మదనపల్లెయందును, 1916లో అనంతపురమునందును కళాశాలలు వెలసిన పిమ్మటనే మనవారికి ఉన్నతవిద్య కొంత చేరువయ్యెను. నేడు కళాశాలలకు కొదవలేదు. దరఖాస్తు చేతిలోని ఫోనుననే సాగును. ఎంపికయైన వార్త క్షణములో తెలియును. కాని ఎంపికకును ధనము చేతికందుటకును నడుమ మాసములు గడచుట మాఱలేదు. మన మెట్టపొలములలో వేరుసెనగ విత్తు జూన్, జులై మాసములును, కళాశాల రుసుము చెల్లింపవలసిన దినములును ఒక్కటియే. ఇంటనున్న రొక్కము విత్తనములకు పోవును. వాన తప్పిన యేట అదియును మన్నుపాలగును.

మేము ఉపాధ్యాయవృత్తియం దుండగా నొక బాలిక పోటీపరీక్షయందు నెగ్గి వేతనమున కర్హురాలయ్యెను. వేతనము వచ్చులోపల రుసుము చెల్లింపనిదే తరగతికి రానీయమని కళాశాలవారనిరి. తండ్రి రెండు మాసములు తిరిగి తిరిగి, కడకామెను బెంగళూరున కుట్టుపనికి పంపెను. మంజూరు ఉత్తరువు కార్తికమాసమున వచ్చినది. తీసికొనుటకు విద్యార్థిని లేదు. ఆమె బుద్ధికి లోపము లేదు, ప్రభుత్వము వేతనము నిరాకరింపలేదు. నడుమనున్న అయిదు మాసములే ఆమె చదువును మ్రింగినవి.

మన సంఘము ప్రతివత్సరమును ప్రథములుగా నుత్తీర్ణులైనవారికి పతకములు, శాలువలు నొసగుచున్నది. అది యుచితమే. కాని పతకము గెలిచినవానికి, ఊతము వేచియున్నవానికి. కావున ఈ మహాసభ నిరీక్షణకాల ఋణనిధి నొకదానిని స్థాపింపవలయునని మా మనవి. వేతనమునకు ఎంపికయైన పత్రమును జూపిన బాలబాలికలకు, వడ్డీ లేక, ఒక వత్సరపు రుసుమును భోజనవ్యయమును ఈయవలెను. వేతనము చేతికందిన వెంటనే తిరిగి చెల్లింపవలెను. ఇచ్చిన మొత్తమును తిరిగి వచ్చిన మొత్తమును ఏటేట సభయందు చదువవలెను. గ్రామమును, బంధుత్వమును, పలుకుబడిని చూడరాదు. ఒక్క మూలధనము ఇట్లు తిరిగి తిరిగి పలువురను గట్టెక్కించును. దాతకును తఱుగు లేదు, గ్రహీతకును చిన్నతనము లేదు.

రామచంద్రరావుగారి యిరువదియైదు రూపాయలు పెద్ద మొత్తము కావు; తగిన సమయమున నందినవి. అట్టి సమయజ్ఞత మన పోషకమహాశయులకు కలుగుగాక యని, మన పిల్లలు ఫలితముకై మాత్రమే గాని అన్నమునకై ఎదురుచూడని దినము శీఘ్రముగా వచ్చుగాక యని కదిరి నృసింహుని ప్రార్థించుచున్నాము.