యంత్రం అమ్మడానికి తీసిన బొమ్మల సినిమా

క్లయింటుకి డెమో అనగానే మనోళ్ళు చేసే మొదటి పని స్లైడ్లలో బుల్లెట్ పాయింట్లని ఎగిరించడం. ఒకటి ఎడమ పక్క నుంచి దూసుకొస్తుంది, ఇంకోటి గిర్రున తిరిగొచ్చి కూర్చుంటుంది. క్లయింటు మాత్రం ఫోన్ చూసుకుంటూ ఉంటాడు :) బొమ్మలు కదిలించి సరుకు అమ్మాలని చూసినవాళ్ళలో నాకు బాగా నచ్చిన కథ పిక్సార్‌ది.

పిక్సార్ అంటే ఇప్పుడు మనకి సినిమాలే గుర్తొస్తాయి గానీ, 1986లో అది హార్డ్‌వేర్ కంపెనీ. జార్జ్ లూకాస్ కంపెనీలో ఉన్న ఆ గ్రాఫిక్స్ బృందాన్ని స్టీవ్ జాబ్స్ 50 లక్షల డాలర్లకి కొని, ఇంకో 50 లక్షలు పెట్టుబడి పెట్టాడు. అమ్మాల్సిన సరుకు 'పిక్సార్ ఇమేజ్ కంప్యూటర్'. ధర 1,35,000 డాలర్లు. ఆసుపత్రులు, ఉపగ్రహ చిత్రాలు పరిశీలించే సంస్థలు కొంటాయని ఆశ.

మరి ఇందులో యానిమేటర్‌కి ఏం పని? జాన్ లాసెటర్ లూకాస్ దగ్గర చేరినప్పుడు ఆయనకిచ్చిన డిజిగ్నేషన్ 'ఇంటర్‌ఫేస్ డిజైనర్'. యానిమేటర్ అని రాస్తే పైవాళ్ళు ఎందుకని అడుగుతారని! (ఇలాంటి సర్దుబాట్లు మనకేం కొత్త కాదు లెండి.) కొత్త కంపెనీలోనూ ఆ చిన్న బృందం డబ్బు తెచ్చేది కాదు. మన టెక్నాలజీతో ఏం చెయ్యొచ్చో చూపించడమే దాని పని.

అలా చూపించడానికి తీసిందే 'లక్సో జూనియర్'. 1986 ఆగస్టులో డాలస్‌లో జరిగిన సిగ్గ్రాఫ్ సమావేశంలో వేశారు. రెండు నిమిషాల సినిమా. రెండు టేబుల్ ల్యాంపులు, ఒక బంతి, అంతే. కెమెరా కదలదు, వెనకాల సెట్టింగులేమీ లేవు. కష్టమంతా నీడల్లో ఉంది. వెలుగిచ్చే దీపాలే గెంతుతుంటే, ఒకదాని వెలుగులో రెండోదాని నీడ ఎక్కడ పడాలో ప్రోగ్రామే లెక్క కట్టాలి.

సినిమా అయ్యాక గ్రాఫిక్స్‌లో పెద్ద పేరున్న జిమ్ బ్లిన్ దగ్గరికి వచ్చాడు. నీడల అల్గారిదం గురించి అడిగితే ఏం చెప్పాలా అని లాసెటర్ కంగారు పడ్డాడట. తీరా ఆయన అడిగింది, ఆ పెద్ద దీపం అమ్మా, నాన్నా అని! అల్గారిదాలే తిండీ నిద్రా అయిన మనిషి ఆ ప్రశ్న వేశాడంటే, డెమో ఎంత బాగా పని చేసిందో చూడండి.

అయితే మంచి వీడియో ఉంటే సరుకు అమ్ముడుపోతుందని ఈ కథని వాడుకుంటే మాత్రం తప్పే. యంత్రాలు 300 కూడా అమ్ముడుపోలేదు. అంత ధర పెట్టి కొనాల్సిన అవసరం ఉన్నవాళ్ళే తక్కువ. 1988లో ఖర్చులు కోసి, మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లోనే జాబ్స్ 'టిన్ టాయ్' అనే ఇంకో చిన్న సినిమాకి డబ్బిచ్చాడు. దానికి 1989లో ఆస్కార్ వచ్చింది. అప్పటినుంచీ టీవీ ప్రకటనలు తీసి కాస్త సంపాదించారు. 1990లో హార్డ్‌వేర్ వ్యాపారాన్ని అమ్మేశారు. 1995లో 'టాయ్ స్టోరీ'. 2006లో డిస్నీ కొన్న ధర 740 కోట్ల డాలర్లు. అంటే డెమో మిగిలింది, ప్రోడక్ట్ పోయింది!

నాకర్థమైంది ఇది. కదలిక అనేది చెప్పే విషయంలోనే ఉండాలి. ఆర్డరు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఎలా వెళ్తుందో, మధ్యలో ఒకటి పడిపోతే ఏమవుతుందో బొమ్మల్లో కదిలించి చూపిస్తే క్లయింటు తల ఎత్తి చూస్తాడు. అక్షరాల్ని గెంతిస్తే చూడడు. రెండోది, జనం ప్రోడక్ట్‌ని వదిలేసి డెమోనే మెచ్చుకుంటుంటే చప్పట్లు విని మురిసిపోకూడదు. మనం అమ్ముతున్నది వాళ్ళకి అసలు కావాలా అని అప్పుడే అడగాలి. పిక్సార్‌కి నష్టాలు భరించే జాబ్స్ ఉన్నాడు. మన ప్రాజెక్టులకి అన్నేళ్ళు ఓపిక పట్టేదెవరు చెప్పండి?