గెలిచి పోయినవాళ్లు, ఓడి మిగిలినవాళ్లు

వయసు మీరిన ఆటగాడి కథకు హాలీవుడ్ తొలినాళ్లలోనే ఒక తేలికైన ముగింపు కనిపెట్టింది: గుండెపోటు. 1931లో కింగ్ విడోర్ తీసిన ‘ద చాంప్’లో మాజీ హెవీవెయిట్ చాంపియన్ ఒకడు తాగుడు, జూదంలో మునిగి, టిహువానాలో కొడుకుతో కాలం వెళ్లదీస్తుంటాడు. ఆ పిల్లాడి కోసం మళ్లీ రింగ్ ఎక్కుతాడు, గెలుస్తాడు, వెంటనే ప్రాణం వదులుతాడు. వాలెస్ బీరీకి ఆస్కార్ తెచ్చిన పాత్ర అది. ఆ చావు కథకుడికి ఎంత వెసులుబాటో చూడండి. మర్నాటి నుంచి ఆ మనిషి ఏం చేసుకుని బతకాలన్న చిక్కే ఉండదు.

ఆ చిక్కులోకి దిగిన సినిమా రాబర్ట్ వైజ్ ‘ద సెటప్’ (1949). కథాకాలం, సినిమా నిడివి ఒకటే, సుమారు 72 నిమిషాలు. స్టోకర్ థాంప్సన్‌కు 35 ఏళ్లు. ఇతను ఎలాగూ ఓడతాడని మేనేజర్‌కు ఎంత ధీమా అంటే, ఓడిస్తానని డబ్బు పుచ్చుకుని కూడా ఆ సంగతి ఇతనికి చెప్పడు. వాటా మిగులుతుంది కదా! స్టోకర్ మొండికేసి గెలుస్తాడు. మేనేజర్‌కు డబ్బిచ్చిన గూండాలు సందులో పట్టుకుని అతని చెయ్యి విరగ్గొడతారు. స్టోకర్‌గా వేసిన రాబర్ట్ రయన్ కాలేజీ రోజుల్లో నిజంగానే బాక్సింగ్ చాంపియన్. అందుకేనేమో దెబ్బ తింటున్నప్పుడు నటిస్తున్నట్టే ఉండడు.

1950లలో అమెరికాలో టీవీ బాక్సింగ్ దెబ్బకు చిన్న ఊళ్ల క్లబ్బులు చితికిపోయాయి. విచిత్రంగా, చితికిన బాక్సర్ మీద గొప్ప నాటకం రాసింది టీవీ రచయితే. రాడ్ సెర్లింగ్ ‘రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్’ 1956లో జాక్ పాలెన్స్‌తో టీవీలో వచ్చింది. అందులో బాక్సర్ చివరికి రైలెక్కి సొంతూరు వెళతాడు. 1962లో సినిమాగా తీసినప్పుడు సెర్లింగ్ ఆ ఓదార్పు కూడా మిగల్చలేదు. మేనేజర్ అప్పు తీర్చడానికి ఆంథొనీ క్విన్ రెడ్ ఇండియన్ వేషం కట్టి కుస్తీ గోదాలో కేకలు పెడతాడు. మొదట్లో అతన్ని పడగొట్టే కుర్రాడు ఎవరనుకున్నారు? కాసియస్ క్లే, తర్వాతి ముహమ్మద్ అలీ.

జాన్ హ్యూస్టన్ ‘ఫ్యాట్ సిటీ’ (1972) ఇంకాస్త ముందుకెళ్లింది. అక్కడ హీరో ముప్పై ఏళ్లకే ముసలివాడు. స్టాక్‌టన్ పొలాల్లో కూలికెళతాడు, ఒక పోటీ గెలుస్తాడు, ఆ గెలుపుతో బతుకేమీ మారదు. ఈ వరుసలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా తోచే సినిమా ఇదే. ‘రాకీ’ తర్వాత గెలుపు మళ్లీ మామూలైపోయింది. దాని గురించి చెప్పేదేమీ లేదు.

2008లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచిన డారెన్ అరొనోఫ్‌స్కీ ‘ద రెజ్లర్’తో గుండె జబ్బు తిరిగొచ్చింది. బైపాస్ అయిన ర్యాండీ సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో నిలబడి మాంసం, సలాడ్ తూచి ఇస్తాడు. మికీ రూర్క్ తానూ సినిమాలు వదిలి కొన్నేళ్లు బాక్సింగ్ చేసి, మొహం పాడుచేసుకుని వచ్చినవాడే. ర్యాండీ చివరిసారి తాళ్ల మీంచి దూకుతాడు; కింద పడేలోపే తెర చీకటవుతుంది. చచ్చాడో బతికాడో చెప్పకపోవడమే దర్శకుడి తెలివి.

తెలుగులో ఈ దారిన చెప్పుకోదగ్గది గౌతమ్ తిన్ననూరి ‘జెర్సీ’ (2019). 26 ఏళ్లకు ఆట మానేసిన అర్జున్ 36వ ఏట హైదరాబాద్ రంజీ జట్టు కోసం మళ్లీ బ్యాట్ పడతాడు. ఇక్కడా కొడుకే, ఇక్కడా గుండె జబ్బే, ఇక్కడా గెలిచాక చావే. 1931 నాటి చట్రం చెక్కుచెదరలేదు. కానీ ఆట మొదలయ్యేలోపు సినిమా చాలాసేపు నిరుద్యోగం మీదే నిలుస్తుంది. 500 రూపాయల జెర్సీ కొనలేక అర్జున్ భార్య పర్సులో చెయ్యి పెడతాడు. రైలు హోరులో అతను అరిచే సీన్ గురించే అందరూ చెబుతారు. నాని లాంటి స్టార్‌ను అంతగా చిన్నబుచ్చిన ఆ పర్సు సీనే నాకు పెద్దది. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు దీనికి దక్కింది. 2022లో హిందీలోనూ తీశారు. గుండె గట్టిగానే ఉండి, సెలక్షన్ మాత్రం రాక, మళ్లీ ఆఫీసు కుర్చీలో కూర్చుని రిటైరయ్యే అర్జున్‌లు మన బ్యాంకుల్లో, రైల్వేలో కొల్లలు. వాళ్ల మీద సినిమా తీస్తానంటే నిర్మాత దొరకడమే కష్టం.