తిరిగొచ్చింది ఎవరు?

వలసల గురించి రాసేటప్పుడు ‘తిరిగి రావడం’ అన్న మాటని మనం పెద్దగా ఆలోచించకుండానే వాడేస్తాం. టర్కీ ఆగ్నేయ ప్రాంతంలోని తూర్ అబ్దీన్ అస్సిరియన్ల చరిత్ర చదువుతున్నప్పుడు నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎవరు తిరిగొస్తే అది తిరిగి రావడం అవుతుంది?

వీళ్లు క్రైస్తవులు. అరమాయిక్ నుంచి వచ్చిన సురైత్ వీళ్ల ఇంటి భాష. 1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో తమపై జరిగిన ఊచకోతని ‘సైఫో’ అంటారు, అంటే కత్తి. 1923 నాటి లొజాన్ ఒప్పందం ముస్లిమేతరులకు హక్కులిచ్చినా, టర్కీ వాటిని గ్రీకులకీ, ఆర్మేనియన్లకీ, యూదులకే పరిమితం చేసింది. దాంతో వీళ్లకి సొంత భాషలో బడి లేకపోయింది. 1934 చట్టంతో ఇంటిపేర్లు టర్కిష్‌లోకి మారాయి. తర్వాత ఊళ్ల పేర్లూ మారాయి. కఫ్రో ‘ఎల్‌బెయెంది’ అయింది.

1960ల నుంచి కొందరు కార్మికులుగా జర్మనీకి వెళ్లారు. తర్వాత శరణార్థులుగా స్వీడన్‌కీ, స్విట్జర్లాండ్‌కీ చేరారు. 1980, 90లలో సైన్యానికీ కుర్దు గెరిల్లాలకీ మధ్య నలిగి ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2001లో ప్రధాని బులెంట్ ఎజెవిత్ వీళ్లు తిరిగి రావచ్చంటూ సర్క్యులర్ ఇచ్చారు. 2006లో సుమారు 15 కుటుంబాలు యూరప్ నుంచి కఫ్రోకి వచ్చి, పాత ఊరి శిథిలాలకి దగ్గర్లో కొత్త రాతి ఇళ్లలో కాపురం పెట్టాయి.

ఆ ఇళ్ల పిల్లలు యూరప్‌లో పెరిగినవాళ్లు. టర్కిష్ రాకుండానే టర్కిష్ బడికి వెళ్లాల్సొచ్చింది. తండ్రికి అది సొంతూరు చేరడం. కూతురికి మాత్రం అదొక కొత్త వలస. కుటుంబం తీసుకున్న నిర్ణయం అన్నప్పుడు, ఆ కుటుంబంలో ఎవరి జ్ఞాపకం అందరి జ్ఞాపకంగా చెలామణి అయిందో అడగాలి.

భూమికైతే దస్తావేజు ఉంటుంది, కోర్టు ఉంటుంది. 397లో స్థాపించిన మోర్ గబ్రియేల్ మఠం భూములపై 2008లో వివాదం మొదలైంది. 2013లోనూ, 2018లోనూ కొంత భూమి వెనక్కి వచ్చింది. అది చిన్న విజయమేమీ కాదు. కానీ 1915లో ఎత్తుకుపోయిన ఆడవాళ్లకి దస్తావేజుల్లేవు. బలవంతంగా మతం మార్చి, పెళ్లి చేసుకుని, కొత్త పేర్లు పెట్టారు. వాళ్లలో చాలామంది ఆ ప్రాంతం దాటి ఎక్కడికీ పోలేదు. పుట్టిన ఊరికి దగ్గర్లోనే ముసలివాళ్లై చనిపోయినవాళ్లూ ఉన్నారు. అయినా సొంతవాళ్లలోకి తిరిగి రాలేకపోయారు. వాళ్ల పిల్లలు తండ్రుల జాతిగా, తండ్రుల మతంగానే లెక్కకెక్కారు.

పుట్టింటి పేరు వదిలి మెట్టినింటి పేరుతో బతికే మనకి ఈ లెక్క కొత్తేమీ కాదు. జాతి అస్తిత్వం తండ్రి వరసలో నడుస్తుంది, దాన్ని బతికించే పని మాత్రం ఎక్కువగా తల్లుల మీద పడుతుంది. బడి లేని సురైత్ ఇన్నాళ్లు నిలిచింది ఇళ్లలోనే. పిల్లలకి ఆ మాటలు నేర్పిన ఆడవాళ్ల పేర్లు ఏ భూరికార్డులోనూ కనిపించవు.

అందుకే కఫ్రో కథని కట్టిన ఇళ్ల లెక్కతో ముగించలేం. సొంతూరికి వలసొచ్చిన కూతురినీ, ఊరు దాటకుండానే పరాయిదైపోయిన ముత్తవ్వనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే, ఆ జాతి ఏం పోగొట్టుకుందో, ఏం తిరిగి తెచ్చుకుందో తెలుస్తుంది.