ఓడ కళాసి విద్య - ఓడ కొలువు



మన రామంతాపురమునకు సముద్రము దూరము. అయినను దాపున ప్రవహించు మూసీనది వాడపల్లివద్ద కృష్ణలో గలిసి, హంసలదీవికడ కడలిని జేరుచున్నది. మన పల్లెల పడుచువాండ్రును నేడు ఓడకొలువునకై ఆ కడలివైపు చూచుచున్నారు. కావున కళాసి విద్య పూర్వమెట్లుండెను, నేడెట్లున్నది, అందు పెద్దలు గమనింపవలసినదేమి అను విషయములను మనవి చేసెదను.

తెలుగువారికి ఓడ క్రొత్త గాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ కానవచ్చుచున్నది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనమున, గాలివానకు చెడి గట్టునబడిన ఓడల సరకును హరింపబోమని వర్తకులకు అభయమిచ్చెను. పిదప గోదావరి ముఖమునందలి కోరంగి ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కెను. ఆ రేవు పేరుననే బర్మాలోని తెలుగువారికెల్ల కోరంగీలని పేరు పడెను. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ రేవును పాడు చేసెను.

ఆ నాళ్లలో కళాసి విద్యకు బడి లేదు. మోకులు పేనుట, ముడులు వేయుట, లంగరు దించుట, చుక్కాని పట్టుట మొదలగునవి సరంగు చెంతను, తండేలు చెంతను చేరి, చూచి నేర్వవలసినదే. ఆవిరి ఓడల కాలమున కలకత్తా, బొంబాయి రేవులలో విద్య గరపు సరంగే కొలువు నిప్పించువాడును ఆయెను. చిక్కంతయు ఇచ్చటనే పుట్టెను. పేదవాడు సరంగునకో దళారికో లంచమిచ్చి, అప్పులపాలై ఓడ యెక్కవలసి వచ్చెను. 1920లో ఇటలీ దేశపు జెనోవా నగరమున కూడిన అంతర్జాతీయ కార్మికసభ, నావికులకు కొలువు కుదుర్చుట లాభవ్యాపారము కారాదని తీర్మానించెను. భారత కార్మిక రాయల్ కమిషనువారును 1931 నాటి నివేదికలో ఈ లంచములను ప్రస్తావించిరి.

1927లో బొంబాయిలో డఫ్రిన్ అను శిక్షణనౌక నెలకొన్నను, అది అధికారులు కాగోరువారికి మాత్రమే. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశకమున సామాన్య కళాసులకై కలకత్తాలో భద్ర, విశాఖపట్టణమున మేఖల, గుజరాతునందలి నవలఖిలో నౌలక్షి అను శిక్షణనౌకలు వెలసెను. ఇట్లు సరంగు చేతిలోని విద్య బడికి వచ్చెను.

నేడు 10వ తరగతి నెగ్గినవాడు 6 నెలలు జనరల్ పర్పస్ రేటింగ్ శిక్షణ పొందవలెను. ముందుగా కంటిచూపు పరీక్షింతురు. రాత్రివేళ ఓడకు ఎడమ ప్రక్క ఎఱ్ఱదీపము, కుడి ప్రక్క పచ్చదీపము వెలుగును. ఈ రంగులను గుర్తింపలేనివాడు కాపలాకు తగడు. తుప్పు గీకుట, రంగు పూయుట, మోకులు కట్టుట నేర్పుదురు. 1978 నాటి అంతర్జాతీయ ఒడంబడికననుసరించి అగ్ని నార్పుట, నీట ప్రాణము నిలుపుకొనుట, ప్రథమచికిత్స అను విద్యలు తప్పనిసరి. నడిసముద్రమున నిప్పంటుకొన్నచో ఊరివారు పరుగెత్తి రారు. దొంగపత్రము కొన్న యొక్కనివలన తోటివారందరికిని ప్రాణాపాయము.

బడికి రుసుము చెల్లించుట న్యాయమే; కొలువునకు వెల యిచ్చుట న్యాయము గాదు. 2006 నాటి నావిక కార్మిక ఒడంబడికను మన దేశము 2015లో అంగీకరించినది. వైద్యపరీక్ష, పాస్‌పోర్టు, నావికపుస్తకముల ఖర్చు తప్ప, కొలువు కుదిర్చినందుకు నావికుని వద్ద ఏమియు గొనరాదని దాని శాసనము. అయినను లక్షలిచ్చిన ఓడ యెక్కింతుమను దళారులు నేటికిని గలరు. నాటి సరంగు లంచమే వేషము మార్చుకొని వచ్చినది.

కావున పెద్దలారా, కుఱ్ఱవానికై పొలము తాకట్టు పెట్టుటకు ముందు రెండు సంగతులు విచారింపుడు. ఆ బడికి కేంద్ర నౌకాయానశాఖ అనుమతి కలదా? కొలువు చూపువానికి ఆ శాఖ యిచ్చిన లైసెన్సు కలదా? ఈ రెండును ఆ శాఖవారు ప్రకటించు జాబితాలలో చూడవచ్చును. అందు పేరు లేనివానికి ఒక్క రూపాయియు ఈయకుడు.