వంతపాటలో కలిసిన ఊళ్లు

ఉత్తరాంధ్రలో వృత్తిగాయకులు కానివారు జట్టుగా పాడే సంప్రదాయాన్ని ఐరోపా గాయకసమాఖ్యల కొలబద్దతో కొలిస్తే దాని అసలు రూపం కంటికి ఆనదు. 1862లో జర్మనీలోని కోబుర్గ్‌లో ఏర్పడిన సమాఖ్య ఎన్నో ఊళ్ల గాయకసంఘాలను ఒక గొడుగు కిందికి తెచ్చింది. ఆ సంఘాలు ఒకే పాటను నాలుగు వేర్వేరు స్వరపంక్తులుగా పంచుకొని, అచ్చువేసిన స్వరలిపి చూసి పాడేవి. అందుకు భిన్నంగా ఉత్తరాంధ్రలోని గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు పల్లెల్లో సామూహిక గానానికి ఆధారం వంత, అంటే ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవారు అదే మాటను అదే వరుసలో అందుకోవడం. అక్షరం రానివాడు సైతం రెండో చుట్టుకు జట్టులో కలిసిపోగలడు కనుక ఇక్కడ గాయకుడికీ శ్రోతకూ మధ్య గీత పలచన.

ఈ జట్లను కలిపిన పాత ఏర్పాటు ఏకాహం. ఒక పగలూ ఒక రాత్రీ నామం ఆగకుండా సాగే ఈ భజనను ఒక ఊరి జట్టు ఒంటరిగా నిలబెట్టలేదు కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ల బృందాలు వంతులవారీగా వచ్చి, హార్మోనియం, డోలక్, తాళాలతో తమ గడువు పాడి, తరువాతి జట్టుకు నామాన్ని అప్పగించి దిగుతాయి. పిలిచిన ఊరు భోజనం పెడుతుంది. వచ్చిన ఊరు తిరిగి పిలిచినప్పుడు ఈ ఊరి జట్టూ వెళ్లి తీరాలి. రిజిస్టరూ చందా రసీదూ లేని ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని సమాఖ్య అనకపోతే మరేమనాలో చెప్పడం కష్టం.

కులం, కొలువు ఆధారంగా నిలిచిన బృందాలు వేరు. రొమ్మున కట్టిన గుండ్రని రేకు వాద్యాలను రెండు చేతులా వాయిస్తూ గొల్లలు ఆడిపాడే తప్పెటగుళ్లు, తోలు బిగించిన పాత్ర నుంచి తీగ లాగి మీటే జముకు తోడుగా సాగే జముకులకథ ఈ కోవలోవి. పర్లాకిమిడి, శ్రీకాకుళం ప్రాంతాలతో ముడిపడిన పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ స్తుతిని పల్లవి, చరణాలున్న కీర్తనగా రచించడంతో తెలుగు ప్రార్థనామందిరాల్లోనూ పల్లవిని అందరూ అందుకునే పద్ధతికి చోటు దొరికింది.

పదవులు, శాఖలు, కార్యక్రమం ఉన్న సంఘం 1943లో ప్రజానాట్యమండలి రూపంలో వచ్చింది. గరికపాటి రాజారావు వంటి నిర్వాహకులు, నాజర్ వంటి బుర్రకథకులు పనిచేసిన ఆ సంస్థ కథకుడూ ఇద్దరు వంతలూ ఉండే పాత బుర్రకథ దళాన్నే వామపక్ష రాజకీయ ప్రచారానికి తీర్చిదిద్దింది. అయితే దేనికైతే కార్యాలయం ఉంటుందో దానికే తాళం వేయవచ్చు: 1940ల చివర సర్కారు నిర్బంధం పెరిగేసరికి మండలి చెదిరి, కళాకారులలో కొందరు సినిమాలకు వెళ్లారు, ఏకాహాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

1890లలో మొదలైన మాంగనీసు తవ్వకం, 1950లలో ఫేకర్ సంస్థ నెలకొల్పిన ఫెర్రో మాంగనీసు కర్మాగారం గరివిడి పరిసరాల్లో పలు ఊళ్లవారిని ఒకే పనిచోటికి చేర్చాయి. ఊరిపేరుతోనో కులంపేరుతోనో కట్టిన జట్టు ఇటువంటి చోట చాలదు. ఆ తరువాతి తరం పాట శ్రామికుణ్ణి ఉద్దేశించడానికి ఇదొక నేపథ్యం. శ్రీకాకుళ సాయుధ రైతాంగ ఉద్యమంలో కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథకు కొత్త ఇతివృత్తం ఇచ్చి 1969 డిసెంబరులో కాల్పుల్లో మరణించాడు. 1972లో ఏర్పడిన విప్లవ సాంస్కృతిక సంస్థ జననాట్యమండలిలో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లికి చెందిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ముఖ్యుడు. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేసిన అతడు కళింగాంధ్ర పలుకుబడిలో కట్టిన పాటల్లో పాదాలు పొట్టివి, వరుసలు జనానికి ముందే తెలిసినవి, పల్లవి ముగిసే లోపే జనం అందుకొనేవి.