రాత్రి నిడివిని బట్టి ప్రార్థన

కతోలిక మఠం అనగానే చాలామందికి తోచేది ఏడాది పొడవునా ఒకే వేళకు మోగే గంట, దాని వెంట గుడికి నడిచే సన్యాసులు. గడియారపు క్రమశిక్షణ ఐరోపాకు మఠాల నుంచే అబ్బిందని అమెరికన్ రచయిత లూయిస్ మంఫర్డ్ 1934లో వాదించాక ఈ ఊహకు బలం పెరిగింది. ఆ దినచర్యకు మూలమైన గ్రంథం మాత్రం వేరే మాట చెబుతుంది. ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటే కాసినో కొండ మీద మఠం నడిపిన పునీత బెనెడిక్ట్, తన 73 అధ్యాయాల నియమావళిలో రోజును ఋతువుకు తగ్గట్టు మలిచాడు.

అప్పటి రోమన్ లెక్కలో పగలు ఎంత పొడుగైనా పన్నెండు గంటలే, రాత్రీ అంతే. అందుకే అక్కడ నడి చలికాలపు పగటి గంట మన ముప్పావు గంటకు దగ్గరగా ఉంటే, నడి వేసవిలో గంటా పావు సాగేది. రాత్రి గంటలది దీనికి తలకిందుల లెక్క. నవంబరు 1 నుంచి ఈస్టర్ దాకా రాత్రి ఎనిమిదో గంటకు లేవమన్నాడు బెనెడిక్ట్. సగం రాత్రికి మించి నిద్ర పట్టాలి, తిన్నది అరగాలి అన్నది ఆయన చెప్పిన కారణం. వేసవి రాత్రి కురచ కనుక మామూలు రోజుల్లో గ్రంథపఠనాలు మూడూ తీసేసి, పాత నిబంధన నుంచి కంఠస్థం చేసిన ఒక్క భాగంతో సరిపెట్టాడు. రాత్రి ప్రార్థనలోని పన్నెండు కీర్తనలను మాత్రం ఏ ఋతువులోనూ తగ్గనివ్వలేదు. పనికీ ఇదే పద్ధతి. ఎండాకాలం పొద్దున్నే పొలం పని, ఎండ ముదిరే వేళకు చదువు, భోజనం అయ్యాక కునుకు. చలికాలం ముందు చదువు, తర్వాత పని. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మొదట్లో ప్రతి సన్యాసికీ ఒక పుస్తకం ఇచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదవమనేవారు. ఎండ మండినా, పని ఎక్కువైనా ద్రాక్షారసం మరికాస్త పోయించే అధికారం మఠాధిపతిది.

ఈ మార్పులకు హద్దు ఈస్టర్ కదా, అది పండుగే గాని ప్రకృతి కాదు కదా అనవచ్చు. కానీ ఈస్టర్ తేదీ వసంత విషువత్తు తర్వాతి పౌర్ణమిని బట్టి తేలుతుంది. పైగా పండుగ క్రమానికీ పొలానికీ పేచీ వచ్చినచోట నియమావళి పొలం పక్షమే వహిస్తుంది: వేసవిలో బుధ, శుక్రవారాల ఉపవాసం పొలం పని ఉంటే, ఎండ తీవ్రంగా ఉంటే లేదు. మంఫర్డ్ మాటలోనూ కొంత నిజముంది. ప్రార్థనకు ఆలస్యమైతే చివర నిలబడాలి, వేళ తెలియజేసే బాధ్యత మఠాధిపతిదే. ఆ వేళకు చేరే పట్టుదల మఠాలదే. సమానమైన గంటలు మాత్రం వాటి పుట్టుకలో లేవు. ఆరో శతాబ్దంలోనే బిషప్ గ్రెగరీ ఆఫ్ టూర్స్ రాత్రి ప్రార్థన వేళను నక్షత్రాలు చూసి తెలుసుకోవడానికి ఒక పుస్తకం రాశాడు. యంత్ర గడియారం వచ్చింది పదమూడో శతాబ్దం చివర, అంటే బెనెడిక్ట్ తర్వాత ఏడు వందల ఏళ్లకు.

కీర్తనల వరుస నచ్చకపోతే మార్చుకోమని కూడా బెనెడిక్టే రాశాడు, వారంలో మొత్తం 150 కీర్తనలూ పూర్తయితే చాలన్నాడు. అంతకు తగ్గించేవాళ్లను భక్తిలో సోమరులన్నాడు. రెండో వాటికన్ మహాసభ తర్వాత చాలా మఠాలు ఆ 150నీ రెండు వారాలకో, అంతకు మించో పంచుకున్నాయి. ఆ నిర్ణయానికి వేరే సమర్థనలు ఉండవచ్చు. బెనెడిక్ట్ పట్టువిడుపులను మాత్రం అందుకు సాక్ష్యంగా తేవడం న్యాయం కాదు.