బందరు సమాధులు – మన బాధ్యత

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సందర్భమున దేవాలయముల చరిత్ర, పాఠశాలల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాసికొనుచున్నాము. సమాధుల తోట చరిత్ర వ్రాయువారు మాత్రము తక్కువ. అయితే సంఘపు రిజిష్టరులను చెదలు తినివేసిన చోట మిగిలిన సాక్షి రాతిపలకయే. ఇందుకు బందరును మించిన ఉదాహరణ లేదు.

మచిలీపట్నము రేవులో 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వర్తకము ప్రారంభించిరి. బందరుకోటలోని డచ్చి సమాధులపై వంశచిహ్నములు, లాటిను వ్రాతలు నేటికిని కనబడును. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి.

బందరులోని సెయింట్ మేరీస్ దేవాలయము వెనుక ఒక కథ కలదు. 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సను అను యువతిని ప్రతిష్ఠిత భూమిలో పాతిపెట్టుటకు పాదిరి ఒప్పుకొనలేదనియు, అందుచేత జాన్ పేటర్ అను సైనికాధికారి ఆమె సమాధిపైననే దేవాలయము కట్టించెననియు చెప్పుకొందురు. ఎవరిని ఎక్కడ పాతిపెట్టవలెనను తగవు క్రైస్తవులకు క్రొత్తది కాదని ఈ కథ చెప్పుచున్నది.

1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరగార్లు తెలుగు దేశమునకు వచ్చిరి. 1843లో నోబుల్ దొరగారు బందరులో పాఠశాల తెరచిరి. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అను విద్యార్థులు బాప్తిస్మము పొందగా, తలిదండ్రులు భయపడి పిల్లలను మాన్పించిరి. అయినను ఆయన పని విడువలేదు. ఒక్కసారియైనను స్వదేశమునకు పోక, 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించిరి.

అంతకు ముందటి యేడు, అనగా 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, ఉప్పెన వచ్చి బందరును ముంచివేసెను. సుమారు 30,000 మంది చనిపోయిరని అంచనా. వారిలో అత్యధికులకు ఏ రాయియు లేదు.

ఇచ్చటనే మనము ఆలోచింపవలెను. దొరలకును, వర్తకులకును రాళ్లున్నవి. ఎండలో వానలో పల్లె పల్లె తిరిగి సువార్త చెప్పిన ఉపదేశకులకు, బైబిలు స్త్రీలకు, కలరాలో పోయిన తొలి విశ్వాసులకు మట్టి దిబ్బలే. ఆ దిబ్బలు రెండు మూడు వానలకు నేలలో కలిసిపోవును. ఆ తరువాత జ్ఞాపకము ఒక్కటే మిగులును. జ్ఞాపకముంచుకొన్న ముసలివారు పోయిన నాడు అదియు పోవును.

ఈ పనికి ధనవంతులు అక్కరలేదు, ఇష్టపూర్వకముగా వచ్చువారు కావలెను. 1976లో థియోన్ విల్కిన్సన్ అను ఆయన లండనులో ఒక సంఘమును స్థాపించి, దక్షిణాసియాలోని పాత ఐరోపా సమాధుల వివరములు వ్రాయించుటకు, స్థానికులు చేయు మరమ్మతులకు తోడ్పడుటకు పూనుకొనెను. అంతకు చాలాకాలము ముందే, 1905లో, జె. జె. కాటన్ మద్రాసు రాజధానిలోని సమాధి శాసనములను పుస్తకముగా ప్రకటించెను. పరదేశుల సమాధులకు ఇంత శ్రద్ధ లభించినప్పుడు, మన తాతముత్తాతల సమాధులకు మనము చేయవలసినది ఎంత!

సమాధుల పండుగకు మనవారు చేయు పనిలో కొంత జాగ్రత్త అవసరము. ఏటేటా పూయు సున్నము చెక్కిన అక్షరములను పూడ్చివేయును. కనుక వ్రాత ఉన్న పలకపై సున్నము వేయరాదు. గోడలో మొలచిన రావి మొక్కను లాగినచో ఇటుకలు కూడ ఊడివచ్చును. మొదలంట కోసి, వేరు చచ్చునట్లు చేయవలెను. సున్నపు కట్టడమునకు సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. యాసిడ్, ఇనుప బ్రష్షు రాతికి శత్రువులు. పురావస్తు శాఖ వారి సమాధులనైతే వారి అనుమతి లేక ముట్టరాదు.

అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు నాలుగువందల తులముల వెండి తూచి మక్పేలా పొలము కొనెను. వాగ్దాన దేశములో అతని స్వంతమైన మొదటి నేల సమాధి స్థలమే. అయితే ప్రవక్తల సమాధులను అలంకరించి వారి మాట విననివారిని ప్రభువు గద్దించెను. ఒకే బల్లయొద్ద రొట్టె విరిచి, సమాధుల తోటలో మాత్రము కులము కులమునకు ఒక గట్టు వేసికొన్నచో మన శుభ్రత ఎవరికి కావలెను? కలుపుతో పాటు ఆ గట్టును కూడ తీయవలెను.

కావున ప్రతి సంఘములోను యౌవనస్థుల సమాజము, స్త్రీల సమాజము కలిసి ఒక చిన్న కమిటీగా ఏర్పడవలెను. ఒకరు కొడవలి పట్టినచో మరియొకరు నోటుపుస్తకము పట్టవలెను. రాయి ఉన్న సమాధి వ్రాతను అక్షరము పొల్లుపోకుండ ఎత్తి వ్రాయుడి. రాయి లేని దిబ్బయొద్దకు సంఘములోని వృద్ధులను తీసికొనిపోయి, అది ఎవరిదో అడిగి వ్రాయుడి. ఒక ప్రతి గుడిలోను, ఒక ప్రతి అధ్యక్ష మండల కార్యాలయములోను ఉంచుడి. రాబోవు నవంబరు 2వ తేదీకి ముందే ఈ పని మొదలుపెట్టుడి. ఆ వృద్ధులు మన కొరకు ఎంతకాలము ఉందురో ఎవరికిని తెలియదు.